గోదారి ఆఖర్ల వస్తదన్నాను

మా మరదలు తన కూతురి పెళ్లి విశాఖపట్నంలో పెట్టుకుంది. తిరుమలగిరి నుంచి అక్కడికి ఎప్పుడూ రాత్రి రైల్లోనే పోయేవాళ్లం. అప్పటికింకా విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి; ఈసారి టికెట్లు చవగ్గా దొరికాయని అక్కడ విమానం ఎక్కాం. రైలుకైతే ఏడువందల కిలోమీటర్లు, రాత్రంతా. విమానానికి ఐదువందలే, ఒక్క గంట. ఈ లెక్క వారం పాటు వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. బొల్లారంలో భూగోళం చెప్పే మాస్టర్ని, చెప్పకుండా ఉండలేను.

నా భార్య గోదావరి ఒడ్డున పుట్టింది. రైలు వంతెన ఎక్కిందంటే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటుంది. "పైనుంచి గోదారిని చూడాలండీ. నాకు అదొక్కటి చాలు," అంది. మాకు దొరికిన కిటికీ సీటు ఒక్కటే.

"గోదారి ఆఖర్ల వస్తది. రైల్ల సుత గంతే కద. ముందు జెర సేపు నేను కూసుంటా, తర్వాత నువ్వు," అన్నాను.

"మాస్టారు చెప్పాక కాదంటానా," అని నవ్వి మధ్య సీట్లో కూర్చుంది.

నాకూ అదే మొదటి విమానం. చక్రాలు నేల వదిలాయో లేదో, ఇక నోరు ఆగలేదు. కింద కనిపించిన ప్రతి చెరువుకూ, ప్రతి ఊరికీ ఒక పేరు చెప్పాను. సగం ఊహించి చెప్పినవే.

"మీ తల తప్ప నాకేం కనిపించడం లేదు," అంది.

"ఆగు. అసలుది ముందున్నది."

సగం దారిలోనే వచ్చేసింది. పచ్చటి కొండల మధ్య, తెల్లటి ఇసుక చుట్టూ పాయలు విప్పుకుంటూ, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకేసారి కనిపించింది. రైలు విజయవాడ మీదుగా చుట్టు తిరిగి గోదావరిని చేరుతుంది, విమానం తిన్నగా పోతుంది. పటం మీద దారం పరిచి ఏటేటా పిల్లలకు ఇదే చూపించాను. సొంత ప్రయాణంలో గుర్తు రాలేదు.

నేను కాస్త వెనక్కి వాలితే చాలు, ఆమెకు కనిపించేది. వాలలేదు. పిలిస్తే నా లెక్క తప్పని ఒప్పుకోవాలి. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది: కళ్లు తిప్పుకోవాలనిపించలేదు. నది రెక్క కిందికి జారిపోయాక లేచి సీటిచ్చాను.

ఆమె అద్దానికి నుదురు ఆనించి చూస్తూనే ఉంది. "సముద్రం వచ్చేసిందండీ. గోదారేదీ?"

నేను బెల్టు సర్దుకుంటున్నాను.

విమానం ఆగాక నా వైపు తిరిగింది. "మధ్యలో కాసేపు మీ నోరు మూతబడింది. అప్పుడే కదా?"

"అప్పుడే. తప్పు నాదే."

సామాను వచ్చాక తన సంచి తానే మోసుకుంది. ఆటో ఎక్కాక, "సరే, చెప్పండి. ఒక్కటీ వదలొద్దు," అంది. కొండలు, ఇసుక, పాయలు అన్నీ చెప్పాను. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. పెళ్లింటి వీధి మలుపు తిరిగేసరికి ఒకరి మాటకు ఒకరం అడ్డుపడుతున్నాం.

చెప్పులు విప్పకుండానే చెల్లెలి చేయి పట్టుకుంది. "పైనుంచి గోదారిని చూశానే. కొండల మధ్య ఇంత వెడల్పున. నీళ్ల మీద చీమల్లా పడవలు."

పడవల మాట నేను చెప్పలేదు. అవి నాకు కనిపించనే లేదు.

"నిజమేనా బావగారూ?" అంది మరదలు.

ఎవరు ఏం చెప్పినా సరిదిద్దేవాడిని.

"మస్తున్నయి పడవలు," అన్నాను.