అరవై మీటర్లు, అతుకు లేకుండా

పాత బట్టలకు అతుకులు వేయడంలో ఆమెకు వంక పెట్టగలవాళ్లు లేరు. ఎక్కడ వేసిందో ఒక్కోసారి ఆమెకే కనిపించదు. అందుకే వీధి వీధంతా అతుకులక్క అనేది. అలాంటి మనిషి ఒక్క అతుకు వద్దని డిష్ మెకానిక్‌తో తగువుకు దిగింది.

పక్కింటివాళ్లు నాలుగో అంతస్తు లేపేసరికి డాబా మీది డిష్‌కు ఆకాశం మూసుకుపోయింది. టీవీ ఆగిపోయింది, దాంతోపాటు అత్తగారి నోరూ ఆగిపోయింది. కాళ్లు పడిపోయి మంచం పట్టిన ఆ ముసలామెకు కుస్తీ పోటీలే ప్రాణం. తెర మీది వస్తాదులను పేరుపేరునా తిట్టిపోసేది. ఇప్పుడు నెల రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది. పలకరిస్తే ఊ అనదు, ముద్ద పెడితే సగం వదిలేస్తుంది. ఇలాగే సాగితే మనిషి దక్కదని కోడలు అతుకులక్కకు భయం పట్టుకుంది.

డిష్‌కు పెరటి చివరి గోడ మీద చోటు దొరికింది. అక్కడి నుంచి టీవీ దాకా కుట్టు టేపుతో మలుపులు, కిటికీ అంచులతో సహా కొలిచింది. యాభై ఆరు మీటర్లు. కుట్టుకు గుడ్డ వదిలినట్టు ఇంకో నాలుగు కలిపింది.

మెకానిక్ ముప్పై మీటర్ల కేబుల్ చుట్టలు రెండు తెచ్చాడు.

"మధ్యలో కలిపేద్దాం అక్కా. ఎవరికి తెలుస్తుంది?"

"అతుకు సంగతి నాకా చెప్తావు? ఎంత బాగా వేసినా నాలుగు వానలకి నోరు తెరిచేది అదే తమ్ముడూ."

కేబుల్ కొస చెక్కి, నడిమి తీగకు సూదులు ఏరే అయస్కాంతం ఆనించింది. టక్కున పట్టేసింది. పైన పటారం రాగి, లోన లొటారం ఇనుము.

అతను తల గోక్కున్నాడు. "సిగ్నల్‌కి ఇది చాలక్కా. కాకపోతే డిష్ ముందుండే డబ్బాకి కరెంటు కూడా ఇందులోంచే పోవాలి. ఇంత దూరమంటే ఇనుములో దారిలోనే నీరసపడుద్ది."

"తెలిసీ ఎందుకు తెచ్చావు?"

"దగ్గర్లో దొరికేది ఇదే."

"అయితే దూరంలో దొరికేది చెప్పు."

కుట్టుమిషను మూసి బయల్దేరింది. రెండు దుకాణాలవాళ్లు మళ్లీ అతుకే చెప్పారు. మూడో దుకాణంలో పెద్ద డ్రమ్ము మీంచి లావాటి కేబుల్, నడిమి తీగంతా రాగిది, ఏకంగా అరవై మీటర్లు కోయించి భుజాన వేసుకుని వచ్చింది. ఆ లావు కేబుల్ ఒక పట్టాన వంగదు. మూలల దగ్గర నలిగిపోకుండా రవిక మెడ తిప్పినట్టు గుండ్రంగా తనే తిప్పింది, మెకానిక్ మేకులు కొట్టాడు.

సాయంత్రానికి తెర వెలిగింది. వస్తాదులిద్దరూ పట్టుమీద ఉన్నారు. నమ్మకం కుదరక కోడలు టీవీ ముందు వంగి కేబుల్ కొస బిగిస్తూనే ఉంది. వెనక మంచం కిర్రుమంది.

"పక్కకి జరుగే. నువ్వేమన్నా అద్దానివా, అవతలివాడు కనపడటానికి?"

నెల తర్వాత అత్తగారి నోట వచ్చిన మొదటి మాట అది. కోడలు జరిగింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. కుస్తీ అయ్యేదాకా అత్తగారు ఆ సంగతే గమనించలేదు.