లోరెన్ బావ వెండి చెరువు

మా బావ లోరెన్‌కి లోకంలో రెండే భయాలు. తను తీసిన ఫొటో ఎవరూ చూడరేమోనని ఒకటి, చూసినవాళ్ళు అది ఎక్కడ తీశాడో పసిగట్టేస్తారేమోనని ఇంకొకటి. ఈ రెండిటి మధ్య పదేళ్ళు తను నలిగాడు, మా అక్క ఆర్డిత్‌ని నలిపాడు. నన్ను నలపలేకపోయాడు. నాకు టైర్ల షాపుంది, ఆయన గొప్పలు వినే తీరిక లేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ మామూలు మనిషే. గ్యాస్ ట్యాంకర్ తోలేవాడు. మా ఒరెగాన్ రాష్ట్రంలో వానలు కురిసే సగం పడమట ఉంది, మేమున్నది తూర్పున. మా ఊరు హాస్కెట్ దాటితే ఇంటికీ ఇంటికీ మధ్య గంట ప్రయాణం. ఆ ఇళ్ళన్నిటికీ గ్యాస్ నింపుతూ, వాళ్ళు పోసిన కాఫీ తాగుతూ, పైన ఆకాశమనేది ఒకటుందని కూడా పట్టించుకోకుండా ఉద్యోగమంతా వెళ్ళదీశాడు. రిటైరైన రోజున కంపెనీవాళ్ళు అందరికీ ఇచ్చినట్టు చేతి గడియారం ఇచ్చి పంపితే సరిపోయేది. ఈయనకి కెమెరా ఇచ్చారు. ఆ మర్నాటి నుంచి ఆకాశాన్ని తనే కనిపెట్టినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

మా ఊళ్ళో నెలకో శుక్రవారం రైతు సంఘం హాల్లో ఫొటోల సాయంత్రం జరుగుతుంది. ఎవరికి తోచిన వంట వాళ్ళు చేసుకొస్తారు. అందరికీ చీజ్ వేసిన బంగాళదుంపలే తోస్తాయి. తిన్నాక గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఎవరు తీసిన ఫొటోలు వాళ్ళు దాని మీద వేసి చూపిస్తారు. కొండలు, సూర్యాస్తమయాలు, పాలపుంత. స్కూలు బస్సు నడిపే వెర్నా టొరంటోలో కూతురి దగ్గరికి వెళ్ళొచ్చిందంటే ఇక ఆ నగరంలోని మేడలన్నీ మేం చూసి తీరాల్సిందే. అదే కిటికీ, అవే మేడలు. పొద్దున్న ఎలా ఉన్నాయి, వానలో ఎలా ఉన్నాయి, దీపాలు వెలిగాక ఎలా ఉన్నాయి. ప్రతిదానికీ ఆహా అనాలి, ఎందుకంటే తర్వాత మన వంతు వస్తుంది.

దుప్పటి మీద ఫొటో పడగానే ఎవరో ఒకరు "ఎక్కడిది?" అంటారు. చెప్పాలి, అది మర్యాద. చెప్పనివాడిని పిసినారి అంటారు. అందుకని అందరూ చెబుతారు, అందరూ అబద్ధమే చెబుతారు. ఉత్తరాన ఉన్న వాగుని దక్షిణాన ఉందంటారు. విన్నవాళ్ళు అది అబద్ధమని తెలిసి కూడా శనివారం పొద్దున్నే బండేసుకుని వెతకడానికి పోతారు. మనవలున్నవాళ్ళు చేసే పనేనా ఇది?

ఈ విద్యలో మా బావని కొట్టినవాడు లేడు. ఫొటో తీసుకుని తిరిగొచ్చేటప్పుడు దుమ్ములో తన బండి చక్రాల జాడ చీపురుతో ఊడ్చి మరీ వచ్చేవాడు. ఇంట్లో ఆయన చీపురు పట్టగా మా అక్క ఏనాడూ చూడలేదు. ఎక్కడికెళ్తున్నాడో ఆమెకి కూడా చెప్పేవాడు కాదు. ఒకసారి వాళ్ళింట్లో భోంచేస్తూ నా చెవులారా విన్నాను.

"ఎక్కడికి లోరెన్?"

"బయటికి."

"బయటంటే?"

"బయటంటే లోపల కానిది."

"ఏళ్ళు మీద పడ్డాయి. చీకట్లో ఒక్కడివీ పోతావు. ఏదన్నా అయితే నేనెక్కడని వెతకను?"

"నీకు చెబితే వెర్నాకి చెబుతావు."

"వెర్నాకి చెప్పడానికి నాకేం పట్టింది? నాకు ఆవిడంటేనే పడదు."

"అలాగే అంటావు. కాఫీ తాగుతూ నోరు జారతావు." టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్క నాకేసి తిరిగి, "వీడికి నాకంటే ఆ రాళ్ళే ఎక్కువరా డెల్" అంది. నేను ఇంకో ముక్క మాంసం వడ్డించుకున్నాను.

పోయిన అక్టోబరులో దుప్పటి మీద వెండి చెరువు పడింది. ఆ పేరు కూడా బావ పెట్టిందే. నిజం ఒప్పుకోవాలి, చాలా బాగుంది. అల అనేది లేని నల్లటి నీళ్ళు, అవతల ఒక కొండ, కొండ మీద చుక్కలు, నీళ్ళలో మళ్ళీ అదే కొండ, అవే చుక్కలు. హాల్లో అందరూ నమలడం ఆపేశారు.

"ఎక్కడిది లోరెన్?" అంది వెర్నా.

"స్టవ్‌పైప్ లోయ దాటాక. బండి పోదు, నడవాలి. మంచు బాగా పడిన ఏడాదే అక్కడ నీళ్ళు నిలుస్తాయి."

"ఆ లోయలో నేను తిరగని చోటు లేదే!"

"తిరగడం వేరు, చూడటం వేరు వెర్నా."

వెర్నా ఊరుకుంటుందా? లేచి దుప్పటి దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. "ఆగాగు. గరిటె చూడు. ఈ నెలల్లో పిడి ఎడమ పక్కకి ఉండాలి కదా, నీ ఫొటోలో కుడి పక్కకుందేం?"

సప్తర్షి మండలాన్ని మావాళ్ళు గరిటె అంటారు. దాని పిడి ఎప్పుడు ఎటుంటుందో ఇక్కడ పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. మా బావ రెప్ప కూడా వెయ్యలేదు.

"అంత ఎత్తు నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది" అన్నాడు.

హాలు హాలంతా తలూపింది. సిగ్గు లేకుండా నేనూ ఊపాను.

ఆ ఫొటోని ఇంటర్నెట్‌లో కూడా పెట్టాడు. నార్వే నుంచి ఎవరో అది చూసి ఏడుపాపుకోలేకపోయానని రాశారు. చిలీలో ఒకావిడ, తను పోయాక తన చితాభస్మాన్ని ఆ నీళ్ళలోనే కలపాలని ఉందంది. బావ ఆ మాటని మా అక్కకి చదివి వినిపించాడు, నాకు ఫోన్ చేసి వినిపించాడు, గ్యాస్ కంపెనీకి పోయి అక్కడ కూడా వినిపించి వచ్చాడు. ఆ ఫొటోని తలుపంత పెద్దగా అచ్చు వేయించి, అద్దం బిగించి ముందు గదిలో తగిలించాడు. ఖరీదైన కాగితం మీద కాదులెండి, పలచని కాగితం మీద. గొప్పలకి పోయినా చెయ్యి మాత్రం బిగుతే. వెర్నా రెండు శనివారాలు స్టవ్‌పైప్ లోయలో పడి తిరిగి, బూట్లు పాడుచేసుకుని వచ్చింది.

నవంబరు వచ్చేసరికి చలి బిగిసింది. ఒకరోజు పొద్దున్నే నేను షాపు తలుపు ఎత్తుతుంటే అక్క ఫోన్ చేసింది.

"డెల్, మీ బావ రాత్రి ఇంటికి రాలేదురా."

"ఎక్కడికెళ్ళాడు?"

"నన్నడుగుతావేంట్రా? నాకెప్పుడన్నా చెప్పి ఏడ్చాడా? రాత్రి నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నా. మోగుతోంది, ఎత్తట్లేదు. చచ్చిపోయాడేమోరా."

మా అక్క అలాంటి మాట అనే మనిషి కాదు. షాపు అలాగే వదిలేసి వెళ్ళాను. రాత్రి చలికి మా వీధిలో రెండిళ్ళలో నీళ్ళ గొట్టాలు పగిలాయి. అంత చలిలో ఒక ముసలాడు బయట పడి ఉంటే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

వంటగది నిండా జనం. మా ఊళ్ళో తప్పిపోయినవాళ్ళని వెతికే దళం అంటే ఎవరో కాదు, ఫొటోల సాయంత్రం వాళ్ళే, నారింజ రంగు చొక్కాలు తగిలించుకుని వస్తారు. వాళ్ళకి పెద్ద వెర్నా. షెరీఫ్ ఆఫీసు నుంచి కొత్తగా చేరిన కుర్ర అధికారి ఒకడు వచ్చాడు. బావ ఫోన్ బండిలో వదిలేసి లోయలోకి నడిచిపోయి ఉంటాడని ఆ అబ్బాయి లెక్క. అప్పటికే బళ్ళు స్టవ్‌పైప్ లోయకి వెళ్ళిపోయాయి.

"అక్కడ చెరువు లేదు ఆర్డిత్" అంది వెర్నా. "నేను వెతికాను కదా. గొర్రె నీళ్ళు తాగేంత గుంట కూడా లేదు. మనవాళ్ళు ఊరికే తిరుగుతున్నారు."

"మరి ఆ ఫొటోలో ఉన్నదేంటి?"

"అదే నాకు అర్థం కావట్లేదు. ఆ కొండ ఏదో గుర్తుపట్టగలిగితే..."

అక్క రాత్రి బట్టల మీదే కోటు వేసుకుని ఉంది. విసురుగా ముందు గదిలోకి వెళ్ళి ఆ ఫొటోని గోడ మీంచి పీకింది. అద్దం మెరుస్తోంది, సరిగ్గా కనపడటం లేదు. వెనక అట్ట చించేసి కాగితం బయటికి లాగింది. వేలు తగిలితే మరక పడుతుందని ఇన్నాళ్ళూ ఆమెని దుమ్ము కూడా దులపనివ్వలేదు ఆ మహానుభావుడు. వెలుతురులో చూద్దామని ఎండ పడుతున్న కిటికీకి దాన్ని అదిమి పట్టుకుంది. కంగారులో బొమ్మని బయటివైపుకి, తెల్లటి వీపుని మావైపుకి పెట్టింది.

"తిరగేసి పట్టుకున్నావక్కా" అనబోయి ఆగిపోయాను. పలచని కాగితంలోంచి ఎండ దూరి, కొండ నల్లగా తేలింది. ఎడమ పక్క ఒక గూని, మధ్యలో ఒక గాడి, కుడి పక్క చదును. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న కొండ అది. నా షాపు వెనక తలుపు తీస్తే ఎదురుగా కనపడేది అదే.

"ఇది స్కూలు కొండ" అన్నాను.

"పిచ్చా నీకు?" అంది వెర్నా. "స్కూలు కొండ మీద అక్షరం ఉంటుందిగా?"

నిజమే. మా ఊరి పేరులోని మొదటి అక్షరం, ఇల్లంత పెద్దది, రాళ్ళు పేర్చి సున్నం కొట్టింది, ఆ కొండ మీద ఉంటుంది. మేం చదువుకునేటప్పుడు ఏటేటా సున్నం కొట్టేవాళ్ళలో లోరెన్ బావ కూడా ఉండేవాడు.

"చెరిపేశాడు" అంది అక్క మెల్లిగా. "వారం పాటు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏం చేస్తున్నావంటే ఫొటో మీద దుమ్ము తుడుస్తున్నానన్నాడు."

వెర్నా కాగితానికి ముక్కు ఆనించింది. గరిటె పిడి ఎడమకి వచ్చి కూర్చుంది. కుడిని ఎడమ చేసి, ఎడమని కుడి చేసి, తన ఊరినే తన ఊరివాళ్ళకి కనపడకుండా చేశాడు మా బావ. నక్షత్రాలు కూడా తిరగబడతాయన్న ఆలోచన రాలేదు, వచ్చినా ఎవడు చూస్తాడులే అనుకున్నాడు.

"అయితే ఆ కొండ ముందు చెరువుందా?" అనడిగాడు కుర్ర అధికారి.

స్కూలు కొండ ముందు ఉన్నది ఒకటే. ఊళ్ళో మరుగుదొడ్ల నీళ్ళన్నీ పోయి చేరే మురుగు మడుగు. చుట్టూ ఎత్తుగా గట్లు పోశారు, గాలి తగలదు, అందుకే అల లేవదు. ఫొటోకి వాసన ఉండదు కాబట్టి నార్వేవాడు ఏడ్చాడు.

వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. ఇంకో ఇద్దరు కూడా మొదలుపెట్టారు. అక్క నవ్వలేదు. "బళ్ళు తియ్యండి" అంది.

నడిచి వెళ్ళేంత దూరం. బావ బండి మునిసిపాలిటీ కంకర కుప్పల వెనక దాక్కుని ఉంది. మడుగు చుట్టూ ఉన్న కంచెలో మనిషి దూరేంత కన్నం. మడుగు గట్లకి లోపలి పక్కంతా నల్లటి ప్లాస్టిక్ పరిచి ఉంటుంది, దాని మీద మంచు పట్టిందంటే పిల్లి కూడా నిలబడలేదు. నీళ్ళ మీద కట్టిన మొదటి మంచు పొరలో చుక్కల్ని తీద్దామని అంచుకి వెళ్ళి, మా బావ కిందిదాకా జారిపోయాడు. చీలమండ విరిగింది. ఒక కాలు మురుగులో, ఒళ్ళంతా ప్లాస్టిక్ మీద. కెమెరాని మాత్రం పైకి తోసి గట్టు మీద భద్రంగా పెట్టుకున్నాడు.

నడుముకి తాడు కట్టుకుని దిగింది వెర్నాయే. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. అయినా ఆమెని చూడగానే అన్న మొదటి మాట, "నువ్వెందుకొచ్చావు?"

"నీ చితాభస్మం కలపడానికి" అంది వెర్నా.

ఆయన్ని పైకి లాగి స్ట్రెచర్ మీద వేశాం. మోస్తున్న నలుగురిలో ఇద్దరు తల తిప్పి మడుగుకేసి చూస్తున్నారు, ఎక్కడ నిలబడితే కొండ మొత్తం వస్తుందా అని. ఒళ్ళు మండి ఇద్దర్నీ తిట్టాను.

ఆస్పత్రిలో, చలికి చచ్చుబడిన రెండు కాలివేళ్ళు తీసేశారు. మర్నాడు అక్కతో పాటు నేనూ వెళ్ళాను. నర్సు ఆయన వస్తువులు ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. అక్క అందులోంచి ఫోన్ తీసింది. తడవలేదు, పగల్లేదు. పైజేబులో ఉందట. తెర నిండా ఆమె పేరే, ఒకదాని కింద ఒకటి.

"ఇది నీ దగ్గరే ఉందా?" అంది.

"ఉంది."

"మోగిందా?"

"మోగింది."

"చలికి చేతులు కదల్లేదా?"

అక్క ఆయనకి దారి ఇస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. అవును, కదల్లేదు అంటే అయిపోయేది. పదేళ్ళుగా ఊరందరికీ అబద్ధాలు చెప్పిన మనిషికి ఆ ఒక్కటీ నోటికి రాలేదు.

"కదిలాయి" అన్నాడు.

"మరి?"

బావ దుప్పటి అంచు సవరించుకున్నాడు. "ఎత్తితే ఎక్కడున్నావని అడుగుతావు కదా."

నాకు ఆయన్ని మంచం మీంచి కిందికి లాగాలనిపించింది. అక్క ఫోన్‌ని మళ్ళీ సంచిలో పెట్టి, సంచిని ఆయన పక్కన పెట్టి, "పద డెల్, షాపుకి ఆలస్యమవుతుంది నీకు" అంది.

ఇప్పుడు కంచెలో కన్నం ఇంకా పెద్దదైంది. ఫొటోల సాయంత్రంలో దుప్పటి మీద నెలకొక వెండి చెరువు పడుతోంది, ఎక్కడిదని అడిగేవాడు లేడు. చిలీ ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

బావ కర్ర పట్టుకుని మళ్ళీ తిరుగుతున్నాడు. బయల్దేరే ముందు వంటగది గుమ్మంలో నిలబడతాడు. "పాత గని వైపు వెళ్తున్నా ఆర్డిత్. కాలవ దాటాక కుడి చేతి దారి. చీకటి పడేలోపు వచ్చేస్తా" అంటాడు. అక్క దుంపల చెక్కు తీస్తూ ఉంటుంది. వినపడలేదేమోనని మళ్ళీ చెబుతాడు. ఆ తర్వాత దారి మొత్తం ఒక కాగితం మీద గీసి, బండి ఎక్కడ ఆపుతాడో గుర్తు పెట్టి, ఆమె ముందు బల్ల మీద పెట్టి కాసేపు నిలబడతాడు. అక్క తల ఎత్తదు. దుంపల చెక్కంతా ఆ కాగితం మీదే పోసి, మడిచి, చెత్తబుట్టలో పడేస్తుంది.