షూటింగులో పోసిన నీళ్లు

పోయిన నెల మనవడి జ్ఞానస్నానం కోసం చర్చి ఆఫీసులో మా అమ్మాయి కాగితం నింపుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. బిడ్డకు ఇంతకు ముందు జ్ఞానస్నానం జరిగిందా అన్న చోట అది చూడకుండానే లేదని రాసేసింది. నాకు మాత్రం పాత సంగతి గుర్తొచ్చింది. ఎందుకో నా వయసు వాళ్లకు చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను, ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

అప్పట్లో మేము ఫిలింనగర్ బస్తీలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. మీకూ గుర్తుండే ఉంటుంది, ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ, బస్సు కావాలంటే శ్రీనగర్ కాలనీ దాకా నడిచి దిగాల్సిందే. మా ఆయన సెట్ల దగ్గర వడ్రంగి, నేను గుంపు సీన్లలో నిలబడే జూనియర్ ఆర్టిస్టుని. మా అమ్మాయి పుట్టి మూడో నెల నడుస్తుండగా చర్చి సీనుకు పసిబిడ్డ కావాలని కబురొచ్చింది. నీళ్లు గోరువెచ్చగా ఉంటేనే ఇస్తానని గట్టిగా చెప్పి తీసుకెళ్లాను. ఫాదర్ వేషం కట్టినాయన మన చర్చిలో చెప్పే మాటలే చెప్పి, ఏదో పేరు పెట్టి, తలమీద నీళ్లు పోశాడు. పిల్ల ఏడవనేలేదు, నాకు గర్వంగా కూడా అనిపించింది.

తరువాత నిజమైన జ్ఞానస్నానానికి తల్లిదండ్రుల తరగతులు మొదలయ్యాయి. మూడు ఆదివారాలు పూజ అయ్యాక ఉపదేశి గారి ముందు కూర్చుని పాఠం విని, ప్రార్థనలు అప్పజెప్పాలి. తెల్లగౌను కుట్టించాం, పిల్లకు జ్ఞానతల్లిగా పక్కన నిలబడటానికి మా వదిన ఊరి నుంచి బయల్దేరుతోంది. ఆఖరి ఆదివారం ఉపదేశి గారు ఈ ప్రశ్నే అడిగారు, బిడ్డకు ఇంతకు ముందు జ్ఞానస్నానం జరిగిందా అని. చర్చిలో అబద్ధమెందుకని నేను షూటింగు సంగతి చెప్పేశాను. ఆయన పెన్ను మూసేశారు. మాటలూ పలికారు, నీళ్లూ పోశారు, జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వకూడదు, పేరు రాయనన్నారు.

"గా సిన్మాల అయిపాయె గదనే, మల్ల గీడెందుకు?" అని వెనక బెంచీ నుంచి మా పక్కింటావిడ అనగానే అందరూ నవ్వారు. బయటికి రాగానే మా అత్తగారు అందుకున్నారు. "దేవుడి పనిని ఆటగా చేశావు కదే, ఇప్పుడు పిల్లకి దిక్కేది?"

నేను ఇంటికి పోలేదు. పిల్లను చంకనేసుకుని నేరుగా వెళ్లి ఫాదర్ గారి గది తలుపు కొట్టాను.

"ఫాదర్, సినిమాల్లో నాకు మూడుసార్లు పెళ్లయింది, రెండుసార్లు శవంగా పడుకున్నాను. అవి నిజమైతే ఇదీ నిజమే. కాకపోతే నా బిడ్డకి నీళ్లు పోయండి" అన్నాను. గుమ్మంలోంచి కదల్లేదు.

ఆయన నవ్వాపుకోలేక, "రెండుసార్లు పోయినదానివి, ఇంత గట్టిగా అరుస్తావేంటమ్మా?" అన్నారు. వేషగాడికి జ్ఞానస్నానం ఇవ్వాలన్న ఉద్దేశం లేదు కాబట్టి అది చెల్లదని చెప్పి, ఉపదేశి గారిని పిలిపించి పేరు రాయించారు. ఉపదేశి గారు రాస్తూ రాస్తూ, ఇకమీద పిల్లను షూటింగులకు తీసుకెళ్లనని మాటివ్వమన్నారు. ఇవ్వనన్నాను. మా పొయ్యి వెలిగేదే ఆ పనితో, అది తలొంచుకునే పని కాదన్నాను. జ్ఞానస్నానమైన మూడోరోజే పిల్లనెత్తుకుని మళ్లీ షూటింగుకు వెళ్లాను. ఇప్పటికీ తప్పనుకోను.

ఈ ఆదివారం మనవడికి నీళ్లు పోయగానే ఫోటోగ్రాఫర్ ముందుకొచ్చి, "ఫాదర్, ఫోటో మంచిగ రాలే, జర ఇంకోసారి పోసినట్టు చెయ్యుండ్రి" అన్నాడు. ఫాదర్ గారు నవ్వి ఖాళీ గిన్నెనే మనవడి తలమీద నీళ్లు పోస్తున్నట్టు వంచి పట్టుకున్నారు. ఎవరికీ అది తప్పనిపించలేదు. నేను వెనక్కి తిరిగి బెంచీలన్నీ చూశాను. అత్తగారు, ఉపదేశి గారు, ఆ పక్కింటావిడ, అందరూ కాలం చేశారు. ఒక్కరైనా ఉండి ఇదేం పనని లేచి అడిగుంటే బాగుండేది. వాళ్లతో ఇంకోసారి పోట్లాడేదాన్ని.