ధరలక్క సంతకం

దుకాణదారులందరూ ఆవిడని ధరలక్క అనేవారు. పద్దెనిమిదేళ్ళుగా గణాంక శాఖలో ఆవిడ పని ఒక్కటే. నెలనెలా నలభై రెండు దుకాణాలు తిరిగి గుడ్డు, సబ్బు, నూనె, క్షవరం, ఏది ఎంతో అడిగి రాసుకోవడం. అన్ని ఊళ్ళ నుంచీ వచ్చిన అలాంటి అంకెలు కలిపితేనే దేశంలో ధరలు ఎంత పెరిగాయో తేలేది. అది చూసే కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచాలో తగ్గించాలో తేల్చుకునేది.

మొదట్లో నూనె కొట్టాయన ఆవిడని చూస్తేనే ముఖం తిప్పుకునేవాడు, పన్నుల వాళ్ళ మనిషేమోనని. మూడేళ్ళు విసుక్కోకుండా తిరిగాక గానీ నోరు విప్పలేదు. ఆ ఓపిక నేర్పింది ఆఫీసు పెద్ద. ఆవిడ భర్త పోయినప్పుడు కాగితాలు పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగి ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఆయన్ని ఆవిడ అన్నయ్యా అని పిలిచేది.

ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. నూనె ధర నెల తిరక్కుండానే ఐదోవంతు ఎగబాకింది. ధరల పెరుగుదలని ఆరు శాతం దాటనివ్వబోమని బ్యాంకు అంతకుముందే మాటిచ్చి ఉంది. దాటితే ప్రభుత్వానికి సంజాయిషీ రాసివ్వాలి. తీరా లెక్క తేలితే ఐదు పాయింట్ తొమ్మిది. బ్యాంకు హాయిగా వడ్డీ తగ్గించింది.

నూనె కొట్టాయన ఫోన్లో ఊళ్ళవారీ పట్టిక తీసి చూపించాడు. “నూనె ధర కదల్లేదట. నేను చెప్పిందేంటి, నువ్వు రాసిందేంటి అక్కా?”

ఆవిడ నేరుగా ఆఫీసుకెళ్ళి ఆ నెల ఫారం తీయించింది. నూనె దగ్గర పాత ధరే ఉంది. కింద తన సంతకం, అచ్చం తను పెట్టినట్టే.

అన్నయ్య బుకాయించలేదు. తలుపు దగ్గరగా వేసి, పైనుంచి మాటొచ్చిందనీ, అన్ని ఊళ్ళలోనూ కాస్త కాస్త సర్దారనీ చెప్పాడు.

“నా సంతకం ఎవరు పెట్టారు?”

“నేనేనమ్మా. నువ్వైతే ఏమీ అనుకోవనుకున్నా.”

ఇన్నేళ్ళూ తనని అలాగే లెక్కేశాడన్నమాట. మర్నాడే ఆవిడ ఫిర్యాదు రాసింది. విచారణలో నకలు రాసేటప్పుడు జరిగిన పొరపాటని తేల్చారు. అన్నయ్యకి ప్రధాన కార్యాలయానికి ప్రమోషన్ వచ్చింది. ఆ తప్పుడు అంకెని బట్టే ధరలక్క వాళ్ళమ్మ పింఛను పెరగాలి. పెరిగింది మందులకైనా చాల్లేదు. ఎందుకింతే పెరిగిందని ముసలావిడ అడిగితే కూతురు మందుల చీటీ తీసుకుని బయటికి నడిచింది.

దుకాణాల్లో అయితే, నీకు తోచింది రాసుకో అక్కా, మమ్మల్ని అడగడం దేనికి అనేవారు. నూనె కొట్టాయన అసలు తలెత్తేవాడే కాదు. అయినా ఆవిడ ప్రతి నెలా వెళ్ళి నిలబడేది.

పదకొండు నెలల తర్వాత ఆ అంకెని ఆరు పాయింట్ ఎనిమిదిగా సవరించారు. పేపర్లో ఎక్కడో మూల నాలుగు లైన్లు. ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

“చూశావుగా, సరిచేశారు. ఇంకా కోపమేనా?”

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎవర్నీ అన్నయ్యా అని పిలవలేదు.