ఆప్తుల బల్ల

మా లిండెన్‌ఫెల్ట్ చర్చి వంటగది తాళంచెవి అగనేటా రెంపెల్ చేతికి వచ్చింది పంతొమ్మిదివందల అరవైనాలుగులో. అప్పటికామెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఇరవై మూడేళ్లలో ఊళ్లో మూడువందల పన్నెండు భూస్థాపన కూడికలు జరిగాయి. ఒక్కదానికైనా బన్నులు చాల్లేదని మాట పడలేదు. పెద్దాయన క్లాసెన్ పోయినప్పుడు మంచుతుపానుకి దారులన్నీ మూసుకుపోతే, ట్రాక్టరు మీద ఇంటింటికీ పిండి పంపించి కాల్పించిన మనిషి ఆమె. మా పద్ధతి చూసి నేర్చుకుందామని, కెనడాలో ఈ మానిటోబా ప్రాంతంలోని పక్క ఊరి చర్చివాళ్లే రెండుసార్లు వచ్చారు. ఇదేమంత చిన్న సంగతి కాదు.

పద్ధతి అంటే ఇదీ. ముందురోజు చర్చిలో పెద్ద తొట్టినిండా పిండి కలిపి ఇంటింటికీ పంచుతారు. పెద్ద బన్ను నెత్తిన చిన్న బన్ను కూర్చోబెట్టి, ప్రతి ఇల్లాలూ తన పొయ్యిలో కాల్చి తెస్తుంది. పైన ముగింపు పాట మూడో చరణానికి రాగానే కింద వంటగదిలో కాఫీపొడి వెయ్యాలి. సమాధి దగ్గర్నుంచి జనం తిరిగొచ్చేసరికి కాఫీ సిద్ధం. వంటగది పక్క హాల్లో మొదటి బల్ల పోయినవాళ్ల ఆప్తులది. వాళ్లు కూర్చుని మొదటి ముక్క తుంచేదాకా ఇంకెవరూ కప్పు ముట్టుకోరు.

ఎనభై అయిదు సెప్టెంబరులో అగనేటా తల్లి మార్గరెటా పోయింది. ఆరోజు కూడా అగనేటా వంటగదిలోనే ఉంది. తమ్ముడి భార్య లేనా హాల్లోంచి లోపలికి వచ్చింది.

“వదినా, ఆప్తుల బల్ల దగ్గర నీ కుర్చీ ఖాళీగా ఉంది. అందరూ నీకోసమే చూస్తున్నారు.”

“కాఫీ పొంగుతోందే. మీరు కానివ్వండి, వస్తా.”

వెళ్లలేదు. నాలుగువందల మందికి వడ్డించి, కప్పులు కడిగి, తాళం వేసి ఇంటికి పోయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ వారం నుంచే ప్రార్థన రావడం మానేసింది. తల వంచితే మనసులోకి డజన్ల లెక్క వస్తుంది, మాట రాదు. చిన్నప్పుడు పొయ్యి పక్కన తల్లి నేర్పిన నాలుగు ముక్కల ప్రార్థన కూడా పెదవుల మీద ఎండిపోయేది. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక అక్టోబరు ఉదయం భర్త అబ్రామ్‌తో అంది.

“తాళంచెవి ఇచ్చేస్తానయ్యా. చర్చికి కూడా ఇంక రాలేనేమో. అక్కడ కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నానో తెలీడం లేదు.”

అబ్రామ్ కప్పు కింద పెట్టాడు. “మూడ్రోజులు సరస్సు దగ్గర చర్చి విడిదిలో ఏకాంతంగా ఉండిరా. వచ్చాక కూడా ఇదే మాటంటే నేనే తాళంచెవి తీసుకెళ్లి ఇచ్చేస్తా.”

“ఏకాంతమా! యాభై రెండేళ్లొచ్చాక? పందులకి మేతెవరు వేస్తారు?”

“నేను వేస్తా. పెళ్లికి ముందు వాటిని ఎవరు చూశారనుకున్నావే?”

ఏకాంతమంటే ఏమిటో పాపం అగనేటాకి తెలీదు. ప్రార్థన అంటే జనం వస్తారు, జనమొస్తే తినాలి. రాత్రికి పిండి కలిపి, పొద్దున్నే పది డజన్ల జంటబన్నులు కాల్చి, పెద్ద కాఫీ డబ్బాతో సహా బండిలో పెట్టుకుని వెళ్లింది. విడిది చూసుకునే టీనా అత్త, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఎవరే పోయింది?”

“ఎవరూ పోలేదత్తా. ప్రార్థనకి ఎంతమంది వస్తున్నారు?”

“నువ్వొక్కదానివే.”

మొదటి రోజు అగనేటా విడిది వంటగది తోమింది. రెండోరోజు అద్దాలు తుడిచి, విరిగిన మెట్టుకి మేకు కొట్టి, కట్టెలు పేర్చింది. మూడోరోజు ఉదయం టీనా అత్త ఆమె చేతిలోంచి చీపురు లాక్కుంది.

“ఇరవై మూడేళ్లు దేవుడింట్లో చాకిరీ చేశావు గదా, ఒక్కసారైనా ఆయన ఎదురుగా కూర్చున్నావుటే?”

కిటికీ పక్క బల్ల మీద ఒక కప్పు కాఫీ, ఒక జంటబన్ను, రెండు పంచదార బిళ్లలు పెట్టి, తలుపు వేసుకుని వెళ్లిపోయింది. అగనేటా అలవాటు కొద్దీ నిలబడే ఉంది. బయట బాతులు బారులు తీరి దక్షిణానికి పోతున్నాయి. కాఫీ ఆవిరి పలచబడుతోంది. ఆప్తులు కూర్చునేదాకా ఎవరూ ముట్టుకోకూడదు కదా అనుకుంది. అనుకున్నాక తెలిసింది, ఆ ఆప్తురాలు తనేనని. రెండేళ్లుగా ఆ కుర్చీ ఖాళీగానే ఉందని.

కూర్చుంది. పంచదార బిళ్లని కాఫీలో ముంచింది. చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు అమ్మ ఇలాగే ముంచి, కారిపోకుండా కింద అరచెయ్యి పట్టి, పిల్లల నోళ్లలో వరసగా పెట్టేది. “మూసుకోండి, దేవుడికి వందనం చెప్పి నమలండి” అనేది. నాన్న చూస్తే చిరునవ్వు దాచుకునేది. ఆ వేలికొసల పిండివాసన ఎన్నేళ్ల కిందటిదో, ఇప్పుడు ఈ నోట్లో కరుగుతోంది. అగనేటా తల బల్లకి ఆనించి ఏడ్చింది.

“అమ్మ పోయింది ప్రభువా,” అంది.

ఆయనకి తెలియదనా! తనే చెప్పుకోలేదు ఇన్నాళ్లూ. అది చెప్పాక మిగతావి వాటంతటవే వచ్చాయి, ఆగకుండా, బాల్యపు మాటల్లో, మధ్యాహ్నం దాకా.

మిగిలిన బన్నుల్ని టీనా అత్త చుట్టుపక్కల ఇళ్లకి పంచి, “అడగకుండానే విందు చేశావే” అని ఎగతాళి చేసింది.

రెండు వారాలకి ముసలి హార్డర్ గారు పోయారు. అగనేటా ఎప్పట్లాగే పిండి కలిపింది, ఇంటింటికీ పంచింది. చర్చి గంట మోగగానే మాత్రం తాళంచెవి తీసి లేనా చేతిలో పెట్టింది.

“కూడిక అయ్యేదాకా నీ దగ్గరుంచు. నేను పైకెళ్తున్నా.”

“అయ్యో వదినా, పొడి కొలత నాకు తెలీదు!”

“తప్పుతావులే. అందరం తప్పులు చేసే నేర్చుకున్నాం.”

పైన అబ్రామ్ పక్కన కూర్చుంది. ముగింపు పాట మూడో చరణానికి రాగానే ఆమె కాళ్లు బెంచీ కింద కదిలాయి. అబ్రామ్ ఆమె చెయ్యి పట్టుకోలేదు, జరిగి దారి కూడా ఇవ్వలేదు. ఆమె లేవలేదు. ఆ పాటకి నాలుగో చరణముందని గుర్తొచ్చి, తల్లి గొంతుతో అందుకుంది.

ఆరోజు కాఫీ నీళ్లనీళ్లగా ఉంది. బన్ను మాత్రం, మూడువందల పదమూడో కూడికకి కూడా, ఒక్కటీ తక్కువ పడలేదు.