ఆరో చప్పట

తొంభైల చివర్లో ఉద్యోగ పరీక్ష కోసం కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్లాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి స్పానిష్ వచ్చినవాళ్లు కావాలి. లింగంపల్లిలో రైలు దిగి షేర్ ఆటో ఎక్కాను. ఆ భాషలో జరగనిదాన్ని ఊహించి చెప్పే క్రియారూపాలంటే నాకు భయం. వాటినే గొణుక్కుంటున్నాను: ఆబ్లారా, ఆబ్లారాస్, ఆబ్లారా, ఆబ్లారామోస్...

పక్కన, ఒళ్లో తట్ట పెట్టుకుని భవనం పనికి వెళ్తున్న ఒక పెద్దామె కూర్చుంది.

"ఏం మంత్రం బిడ్డా అది?"

"మంత్రం కాదండి, పరాయి భాష. 'నేను మాట్లాడితే బాగుండు, నువ్వు మాట్లాడితే బాగుండు' అని ఆరు రకాలుగా చెప్పాలి. ఎప్పుడూ ఐదోది మరిచిపోతున్నాను."

"చదివితె గట్లనే జారుతది. చప్పట్లు కొట్టుకుంట పాడు. బతుకమ్మకు మేం గంటలకొద్ది పాడ్తం. మా ఆడోళ్లల్ల ఒక్కదానికీ చదువు రాదు."

బతుకమ్మ ఆట నేనప్పటికి చూడలేదు. ఆమె చప్పట్లు కొడుతుంటే నేను మాటలు కలిపాను. ఆరో చప్పటకు నా దగ్గర మాట మిగల్లేదు.

"ఒకటి మింగినవ్. మల్ల చెప్పు," అంది ఆమె.

నాలుగోసారికి ఆరూ సరిపోయాయి. దిగుతూ, "ఫికర్ జెయ్యకు. మాట ఆగినా చెయ్యి ఆపకు," అంది.

పరీక్షలో ఆ ఆరూ చెప్పమంటే ఐదోదాని దగ్గర మళ్లీ ఆగాను. బల్ల కింద మోకాలి మీద తట్టుకుంటే అదంతట అదే వచ్చేసింది. తర్వాత ఆ రూపంలో సొంత వాక్యం ఒకటి చెప్పమన్నారు.

"ఆటోలో కలిసిన ఆ అమ్మ ఇది వింటే బాగుండు," అని స్పానిష్‌లో అన్నాను.