బోర్డు మీద పద్దెనిమిది, గోడ పక్కన పదిహేడు

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు ఆగస్టులో శుక్రవారం ఒక సెలవు పడి, శని, ఆదివారాలతో కలిసి మూడు రోజులు వరసగా వచ్చాయి. ఆ మూడు రోజులకూ నన్ను సైకిల్ యాత్ర డ్యూటీ మీద వేశారు. ‘వేశారు’ అని కావాలనే రాస్తున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. గాజువాక అవతల ఉన్న ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో అప్పుడు నేను సీనియర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌ని. యాత్ర ఆలోచన పర్సనెల్ విభాగం డిప్యూటీ మేనేజర్ భాస్కరరావు గారిది. ఆయన పంపిన సర్క్యులర్‌లో నా పేరు వంటమనిషి పేరు కింద ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మొత్తం పద్దెనిమిది మందిమి. మొదటి రోజు మిల్లు గేటు నుంచి సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం మీదుగా పద్మనాభం చేరాలి. రెండో రోజు అక్కడి కొండవార మట్టిదారుల్లో తిరిగి మధ్యాహ్నానికి బసకు రావాలి. మూడో రోజు భీమిలి వెళ్ళి సముద్రం పక్క రోడ్డున వన్ టౌన్ దాకా. నాకిచ్చిన స్థానం అందరికంటే చివర. గుంపులో అందరికన్నా వెనక నడిచే సైకిల్ ఒకటి ఉండాలి. ఎవరి ట్యూబు పేలినా, చైను ఊడినా ఆగి బాగుచేసి, వాళ్ళను ముందుకు పంపి, తాను వెనక రావాలి. ఎవరినీ దాటకూడదు. పని గౌరవమైనదే. కానీ భాస్కరరావు గారు గేటు దగ్గర అందరి ముందూ చెప్పిన పద్ధతి వేరు. "పెద్దవారు కదా, మీరు వెనకాల నిదానంగా దొర్లుకుంటూ రండి" అన్నారు. ఆ మాటతో కుర్రాళ్ళు నాకు ‘తోక సారు’ అని పేరు పెట్టేశారు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళ సర్వీసు నాది.

ఇక టోకెన్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. మా మిల్లులో ఇనుప దిమ్మెలను కాల్చే పెద్ద కొలిమి ఉంటుంది. దాని కింద పొగ పోయే సొరంగం. ఏడాదికోసారి కొలిమి ఆర్పి, మనుషులు ఆ సొరంగంలోకి దిగి మసి, రాలిన ఇటుకలు తీస్తారు. దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను బోర్డు మీది మేకు నుంచి తీసుకుని జేబులో వేసుకుంటాడు. పైకొచ్చాక తన చేత్తో తగిలిస్తాడు. మేకులన్నీ నిండాకే మూత బిగిస్తారు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదు. ఆ పద్ధతి మా మిల్లులో పెట్టించింది నేను. యాత్రకు కూడా అదే బోర్డు చిన్నది చేయించి పట్టుకెళ్ళాను. భాస్కరరావు గారు దాన్ని చూసి, "పిక్నిక్‌కి కూడా కొలిమి మోసుకొచ్చారే!" అన్నారు. నవ్వినవాళ్ళెవరో నాకు గుర్తుంది.

మొదటి రోజు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. రెండో రోజు శనివారం ఉదయం, మేం బస చేసిన కల్యాణ మండపం గోడకు తగిలించిన బోర్డు మీంచి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని బయల్దేరాం. కాలవ గట్టు మీద కొంత దూరం, తర్వాత ఊడుపులు అవుతున్న మడుల మధ్య, ఆపైన జీడితోటలు. రాత్రి వానకు ఎర్రమట్టి టైరుకు ముద్దలా పట్టేస్తోంది. జీడితోటల దగ్గర కాసేపు ఆగాం. సన్నగా తుంపర మొదలైంది.

అక్కడ భాస్కరరావు గారు నా దగ్గరకొచ్చి, జనరల్ మేనేజర్ గారు మధ్యాహ్నం పన్నెండున్నరకు మండపానికి వస్తున్నారని, ఫోటో ఉంటుందని, నా వల్ల ఆలస్యం కాకూడదని చెప్పారు. అప్పటివరకు నా వల్ల ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ఆగిన రెండుసార్లూ ఆయన సైకిల్ చైను ఎక్కించడానికే ఆగాను. ఆ సంగతి చెప్పబోతే ఆయన వినకుండా వెళ్ళిపోయారు.

పన్నెండు దాటాక మండపం చేరాను. "తోక సారొచ్చీసారు, ఇంక తినీయొచ్చు" అని ఎవరో కేకేశారు. బోర్డు మీద నా మేకు ఒక్కటే ఖాళీగా ఉంది. నా బిళ్ళ తగిలించాను. పద్దెనిమిది. కాళ్ళు కడుక్కుంటూ గోడకు ఆనించిన సైకిళ్ళ వైపు చూశాను. లెక్కపెట్టడం నాకు అలవాటు. పదిహేడు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మండపం వెనక్కి వెళ్ళి చూశాను. పదిహేడే.

భాస్కరరావు గారికి చెప్పాను. ఆయన బోర్డు వైపు చెయ్యి చూపించారు. "పద్దెనిమిదీ ఉన్నాయి కదండీ. పద్ధతీ మీదే, అనుమానమూ మీదేనా?" అన్నారు. మళ్ళీ నవ్వులు. నేను మెట్టు మీద నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. పదకొండో పేరు ఎర్రయ్య. పలకలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచేసరికి నవ్వులు ఆగిపోయాయి.

ఎర్రయ్య క్రేన్ ఆపరేటరు. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకు వెళ్తారు. అతని ఫోనుకు చేశాను. మోగింది. ఆ మోత మండపం లోపల, మూలన పడి ఉన్న ఒక సంచీలోంచి వచ్చింది.

సంచీ ఎల్లాజీది. ఫిట్టరు. ఎర్రయ్యకు ప్రాణస్నేహితుడు. "తోట కాడ జల్లు పడతంటే బావ పోను, బిళ్ళ నా సంచీలో ఎట్టమన్నాడు సారూ. ఎనకే వత్తాన్లే, నువ్వు తగిలించీ అన్నాడు. నానే తగిలించీసాను" అన్నాడు. సాయం చేశాననే అనుకున్నాడు. నిజానికి అలాంటి సాయం చేసేవాళ్ళను ఆపడానికే ఆ బోర్డు పుట్టింది.

భాస్కరరావు గారు గడియారం చూసుకున్నారు. ఎర్రయ్య ఏ పాకలోనో టీ తాగుతూ ఉంటాడని, ఫోటో అయ్యాక నలుగురిని పంపుదామని అన్నారు. కొండ పైన మబ్బు నల్లగా ఉంది. అక్కడ పడిన వాన గంటలోపు కింద గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగుతుంది. పొద్దున దారి చూపిన రైతు ఆ గెడ్డ గురించే రెండుసార్లు హెచ్చరించాడు. ఆ మాట ఆయనకు గుర్తుచేశాను. "నా అనుమతి లేకుండా వెళ్తే మీ బాధ్యత మీదే" అన్నారు. ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. పనిముట్ల సంచీ తగిలించుకుని, ఎల్లాజీని వెంటబెట్టుకుని సైకిలెక్కాను.

వచ్చిన దారినే వెనక్కి తొక్కాం. ఎల్లాజీ దారంతా "నాను సంపీసాను బావని" అంటూనే ఉన్నాడు. నోరు మూసుకుని నేల చూడమన్నాను. పొద్దున వచ్చిన దిక్కున చూస్తే జీడితోట దాటాక దారి రెండుగా చీలుతుంది. మేమంతా పొద్దున కుడివైపు తిరిగాం. ఎడమవైపు బురదలో గళ్ళ టైరు జాడ ఒకటి ఒంటరిగా పోయింది. ఆ దారి గెడ్డలోకి దిగుతుంది.

ముందు కేక వినిపించింది. తర్వాత మనిషి కనిపించాడు. గెడ్డ నడుమ బండ మీద కూర్చుని ఉన్నాడు. కుడి చీలమండ వాచి పాదం పక్కకు తిరిగి ఉంది. సైకిల్ రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది, హ్యాండిల్ మాత్రమే పైకి కనిపిస్తోంది. నీళ్ళు ఎర్రగా, నురగతో దిగుతున్నాయి. తాను దిగినప్పుడు చీలమండలోతే ఉన్నాయని అరిచి చెప్పాడు. అప్పటికి బండ అంచు తడుస్తోంది.

నా సంచీలో తాడు లేదు. అది నా తప్పే, తర్వాత ఎన్నడూ తాడు లేకుండా కదల్లేదు. ఉన్నవి ఐదు సైకిల్ ట్యూబులు. వాటిని ఒకదానికొకటి ముడి వేస్తుంటే బండ మీంచి ఎర్రయ్య అరిచాడు. "ఆ ముడి కాదండీ ఇనస్పెట్రు గారూ, జారిపోద్ది! ఎల్లాజీ, ఆయన సేతిలోంచి తీస్కో. వల ముడెయ్యి, మొన్న సూపించాను కదా."

"ఏటి సూపించావు? తాగున్నావు ఆ రోజు!" అని ఎల్లాజీ ఏడుస్తూనే తిట్టాడు.

ఎర్రయ్య గాలిలో వేళ్ళతో ముడి వేసి చూపించాడు. ఎల్లాజీ అది చూసి వేశాడు. ఒక కొస తాటిచెట్టుకు కట్టాం. రెండో కొసకు పెద్ద స్పానరు కట్టి విసిరాను. రెండుసార్లు నీళ్ళపాలైంది. మూడోసారి బండకు తగిలింది, ఎర్రయ్య పట్టుకుని చంకల కింద చుట్టుకున్నాడు. ఎల్లాజీ నడుములోతు దాకా దిగాడు.

అప్పుడు ఎర్రయ్య కదలడం మానేసి సైకిల్ వైపు చెయ్యి చాపాడు. "కంపినీ సైకిల్ సారూ. పోతే నా మీద రాసెత్తారు."

"రాయనీ. నేనూ రాస్తాను. ముందు దిగు!" అని అరిచాను.

దిగాడు. రబ్బరు సాగింది. మనిషి ఒక్కసారిగా కిందికి జారి తల మునిగింది. నేను చెట్టుకు కాలు తన్నిపెట్టి లాగాను. ముడి నిలిచింది. ఎల్లాజీ చేతికి అతని చొక్కా అందింది. గట్టు మీద పడ్డాక ఎర్రయ్య నీళ్ళు కక్కి, "సంద్రానికెప్పుడూ బయపడనేదు నాను. ఈ గెడ్డ నీరేటో నాకు తెల్దు" అన్నాడు. పది నిమిషాలు గడిచేసరికి ఆ బండ కనిపించలేదు.

ఎర్రయ్య చీలమండ విరిగింది. రెండు నెలలు డ్యూటీకి రాలేదు. ఫోటో మాత్రం అనుకున్న సమయానికి తీశారు. అందులో మావాళ్ళు పదిహేను మందే ఉన్నారు. మిల్లు పత్రికలో కింద ‘యాత్ర సభ్యులందరూ’ అని వేశారు.

విచారణ రిపోర్టు పదిహేను రోజులకు వచ్చింది. రాసింది భాస్కరరావు గారి విభాగమే. సేఫ్టీ ఇన్‌స్పెక్టరు టోకెన్ పద్ధతిని సభ్యులకు సరిగా వివరించలేదని, అనుమతి లేకుండా బస విడిచి వెళ్ళాడని రాశారు. నేను మూడు ఉత్తరాలు పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. మూడోది నేను రిటైరయ్యే నాటికీ పరిశీలనలోనే ఉంది. ఫోటో కోసం వెతుకులాట ఆపబోయిన మనిషి పేరు ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. దీన్ని నేను మరిచిపోలేదు, మరిచిపోవాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

కానీ ఆ రిపోర్టులో ఒక వాక్యాన్ని మూడు ఉత్తరాల్లోనూ నేను ఖండించలేదు. ‘చివర రావలసిన సైకిల్ ఒక సభ్యుణ్ణి దాటి వచ్చింది’ అన్న వాక్యం. ఎర్రయ్య జీడితోటలోకి ఒంటికి వెళ్ళాడు. దారిన పోయే మేకలమందకు అడ్డమని సైకిల్ కూడా లోపలికి తోసుకెళ్ళాడు. దారి మీంచి చెట్ల మధ్యకు తిరిగిన ఆ టైరు జాడను నేను చూశాను. పచ్చిగానే ఉంది. ఆగి ఒక కేక వేస్తే పలికేవాడు, ఒంటరిగా దారి తప్పి గెడ్డ వైపు పోయేవాడు కాదు. నేను ఆగలేదు. ఆలస్యం కాకూడదన్న మాటకు భాస్కరరావు గారికి ఏమని రాయాలా అని అప్పుడు మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను. రెండో పేరా దాకా వచ్చాను.

ఆ మూడు రోజులు నాకు నేర్పింది ఇంతే. బోర్డు మీద బిళ్ళ ఉంటే బిళ్ళ అక్కడ ఉందని అర్థం. మనిషి ఎక్కడున్నాడో అది చెప్పదు. ఆ తర్వాత కొలిమి సొరంగం మూత బిగించే ముందు బోర్డు నిండినా నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాణ్ణి. వాడి గొంతే వినాలి, పక్కవాడు ‘ఉన్నాడు సార్’ అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. దానికి పావుగంట పట్టేది. తోక సారు అన్న పేరు పోయి ‘హాజరు పంతులు’ అని కొత్త పేరు వచ్చింది. మొదట అన్నది ఎవరో కూడా నాకు తెలుసు. అననిచ్చాను. చివరి పేరు పలికాకే మూత బిగించమన్నాను.